నాలుగు గదుల లాకు

ఫాల్గుణమాసము ప్రవేశించిన పిమ్మట మధ్యాహ్నసూర్యుడు నిర్మేఘమగు గగనతలము నధిష్ఠించి తన తీక్ష్ణకిరణసహస్రముచే గోదావరీముఖభూముల నెల్ల గాల్చుచుండగా పొట్టకు వచ్చిన రెండవపంట దాళ్వాచేలు గాలి వీచినను తలయూప నోపక నీటిచుక్కకై నోరు తెరచి నిలిచి యుండెను. నదిలో జలము సన్నగిల్లిన కారణమున పైనుండి విడువబడిన నీరు పెద్దకాలువ గర్భమును సగమైనను నింపజాలక నాచుపట్టిన రాతిమెట్లను నలుగురకు జూపుచు నడుము తడియునంత మాత్రమే మందముగా బారుచుండెను. గట్టుమీది తుమ్మచెట్ల నీడలు పొట్టివై చెట్ల పాదములకడనే ముడుచుకొని యుండెను. లకుముకిపిట్ట యొకటి షట్టరుకమ్మిపై గూర్చుండి తగ్గిన నీటిలో బయటపడిన చేపపిల్లలను తల వంచి చూచుచుండెను.

ఆ కాలువమీద చినవీరంపాలెమను గ్రామముచెంత తాతల కాలమున నల్లరాతితో గట్టబడిన లాకొకటి కలదు. పూర్వము పడవలు దాటుటకై యమర్చిన జంటతలుపులు ఇప్పుడు పడవలు లేకున్నను నీటి తోపుడునకు దమంతట దామే మూసికొనుచు తమ పని తాము చేయుచుండెను. లాకు ప్రక్కనే పెద్దకాలువ కడ్డముగా నినుపషట్టర్లు నాలుగు. షట్టర్లకు నెగువన నెడమచేతివైపు శివారుగ్రామములకు బోవు పిల్లకాలువ నోరు. ఆ నోరు పూడికచే నిరుకై మిట్టపడి యున్నందున పెద్దకాలువ షట్టర్లు తెరచియున్నంతకాలము అందులోని కొక్క చుక్కయు నెక్కదు. కుడిచేతివైపు మంచినీటికాలువ నానుకొని మురుగుకాలువ. పొలములు త్రాగి విడిచిన నల్లనీటిని సముద్రమునకు జేర్చునది. ఈ మంచినీటికిని ఆ మురుగునకును నడుమ నిలిచినది మూడుబారల మట్టిగట్టు మాత్రమే. ఆ గట్టునకు గండిపడెనా మంచినీరు మురుగగును, పైరు నల్లబడును. లాకుకాపరికి కునుకు రానీయనిది ఆ గట్టే.

ఈ లాకునకు గాపరి వీరభద్రము. ప్రభుత్వపు కాగితములలో నాతని యుద్యోగము పేరు లస్కరు. భార్య అనంతలక్ష్మి యిరువదిమూడేండ్ల యువతి. ఎనిమిదవ తరగతి పుస్తకములకు అట్టలు వేసికొన్న వారమునకే తల్లి మంచము పట్టగా బడి చాలించి యిల్లు చక్కబెట్టుకొని పదునెనిమిదవయేట మేనత్తకు గోడలై యీ లాకింట నడుగుపెట్టినది. వీరి కొక్కతియే కూతురు, తాయారు. నాలుగేండ్లు నిండినది. చక్కని చుక్కయే గాని యా పిల్ల పెదవులు నేరేడుపండు తిన్నవారి పెదవులవలె నెల్లప్పుడును నలుపుదేరి యుండెడివి. వ్రేళ్లకొసలు తప్పెటపుల్లల తలలవలె గుండ్రముగా నుబ్బి యుండెడివి. పది యడుగులు నడచుట, మోకాళ్లు రొమ్మునకు హత్తుకొని గొంతుకూర్చుండుట. మరల లేచుట, మరల పది యడుగులు. ఆ పిల్ల నడక యంతయు నింతియే.

"అమ్మా, కూకుంటానే."

"ఇప్పుడే గదే లేచావు! నడు, నడు. ఊళ్లో పిల్లలంతా గెంతుతుంటే నువ్వేంటే ముసలమ్మలాగా!"

ఒకనాడు అంగన్‌వాడీకి గొనిపోవునెడ నిట్లు నాలుగుసారులు దారి నడుమ గూర్చుండగా అనంతలక్ష్మికి సహనము నశించి గట్టుమీది గోగుపుల్ల నొకదానిని విరిచి పిల్ల పిక్కలపై రెండు దెబ్బలు వేసెను. తాయారు కిక్కురుమనక లేచెను. పది యడుగులు నడిచెను. తల్లివైపు బెదరుచూపు చూచుచు మరల గూర్చుండెను. ఆ చూపును పిమ్మట నెన్ని రాత్రులు తలచికొని యా తల్లి దిండు తడిపికొన్నదో యెవరు చెప్పగలరు?

ఇంటిలో నిందుకు వేరొక వైద్యము జరుగుచుండెను. వీరభద్రము తల్లి మాణిక్యము చుట్టుపట్ల నాలుగూళ్లలో పసిబిడ్డలకు నీళ్లుపోయుటయందు పేరువడసిన చేయి గలది. కాళ్లు బారజాచి కూర్చుండి బిడ్డను పిక్కలమీద బరుండబెట్టి నూనెయు సెనగపిండియు బట్టించి కుడిచేతి నెడమకాలికిని ఎడమచేతిని గుడికాలికిని సాగదీసి వేడినీరు పోసి సాంబ్రాణిపొగ పట్టి తల్లి కందించునంతలో నెట్టి బిడ్డయైనను నిద్రలో నుండెడివాడు. అట్టి మాణిక్యమునకు సొంత మనుమరాలే నాలుగేండ్లు వచ్చియు గొంతుకూర్చుండుట తన చేతివాటమునకు మచ్చగా దోచెను. పసితనమున కాళ్లు చాలినంత సాగలేదని తలచి నేటికిని ప్రతిదినము తాయారును దన కాళ్లమీద వేసికొని శరీరమంతయు దిన్నగా సాగదీయుచుండెను. ఆ సమయమున పిల్ల యొకటి రెండుసారులు నీలివర్ణము దాల్చి తల వ్రేలవేసినను ఆమె దానిని చలి యనుకొనెను. ఆమెను దప్పుపట్టుట యెట్లు? రెండువందలమంది బిడ్డలను బెంచిన చేతులవి. తెలిసిన పనినే ప్రేమతో జేయుచుండెను.

అంగన్‌వాడీకి పరీక్షకై వచ్చిన నర్సమ్మ తాయారు గోళ్లు చూచి చీటి వ్రాసి పట్టణమునందలి యాసుపత్రికి బొమ్మనెను. అచ్చట గుండెఫొటో తీసిన పిమ్మట డాక్టరు సుభాషిణి యా తల్లిని తన బల్లప్రక్కన గూర్చుండబెట్టుకొని చీటి వెనుక కలముతో బొమ్మ గీయ నారంభించెను. వీరభద్రము సెలవు దొరకక లాకుకడనే నిలిచిపోయినందున అనంతలక్ష్మి పిల్లను వెంటబెట్టుకొని యొంటరిగా వచ్చి యుండెను.

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"ఏడు పాసయ్యానండి. ఎనిమిది... అట్టలేశానండి, అంతే."

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ పిల్ల గుప్పెడు మూసి చూడు. అంతే ఉంటుంది దాని గుండె. రోజుకి లక్షసార్లకి పైగా కొట్టుకుంటుంది," అని యామె చెప్పిన దానిని ఆ తల్లి యొక్క యక్షరమైనను జారవిడువక వినుచుండెను.

పిడికెడంత మాంసఖండమున నాలుగు గదులు. పై గదులు రెండు వచ్చిన రక్తమును బట్టుకొనునవి, క్రింది గదులు రెండు దానిని బయటకు దోయునవి. ఆపాదమస్తకము తిరిగి తనలోని ప్రాణవాయువును శరీరమునకు ధారవోసి వన్నెతగ్గిన రక్తము సిరల వెంబడి కుడివైపు పై గదిని జేరి యచ్చటినుండి క్రింది గదిలోనికి దిగి యా గది తోపుడుచే నూపిరితిత్తులలోనికి బోవును. అచ్చట పీల్చినగాలిలోని ప్రాణవాయువును నింపుకొని చెంగావివర్ణము దాల్చి యెడమవైపు పై గదికి వచ్చి క్రింది గదికి దిగి యా గది పిడికిలి బిగించిన బిగువుచే మహాధమనియందు బ్రవేశించి కొమ్మలుగ రెమ్మలుగ వెండ్రుకకన్న సన్నని నాళములుగ జీలి కాలిగోటి చివరివరకును బ్రాకి మరల వెనుకకు మరలును. ఈ యాత్రకు మొదలును లేదు, విశ్రాంతియును లేదు. తల్లి కడుపులో నున్ననాడు మొదలిడిన పని తుదియూపిరివరకు నొక్క నిమిషమైన నిలువదు.

"రక్తం ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు. అందుకే గదికీ గదికీ మధ్య తలుపులు. వాటిని మూసేవాళ్లెవరూ ఉండరమ్మా. వెనక్కి రాబోయే రక్తమే వాటిని మూసేస్తుంది. మేం చెవికి గొట్టం పెట్టుకుని వినే లబ్ డబ్ చప్పుడు ఆ తలుపులదే."

"మా లాకు తలుపులూ అంతేనండి," అనెను అనంతలక్ష్మి మెల్లగా. "మా ఆయన లస్కరండి. నీళ్లు తోస్తే వాటంతటవే మూసుకుంటాయండి. ఆ చప్పుడుకి మొదట్లో నాకు నిద్ర పట్టేది కాదు."

డాక్టరమ్మ కలమాగెను. "అయితే నాకు సగం పని తగ్గిందమ్మా."

"మరి మా పిల్లకి ఏ తలుపు ఊడిందండీ?"

ఆ ప్రశ్నకు బదులుగా డాక్టరమ్మ బొమ్మలో క్రింది గదులు రెండింటి నడుమనున్న గోడను గలముతో నొకచోట జెరిపివేసెను. ఆ చెరిపిన తావుపై అనంతలక్ష్మి వ్రేలు పెట్టెను.

"గండి," అనెను. "మురుగు మంచినీట్లో కలుస్తోందాండీ?"

"అవునమ్మా. వాడేసిన రక్తం ఊపిరితిత్తులకి పోవాలి. పోయే దారి నోరు సన్నం. అటు పోలేక గండిలోంచి ఇటు దూరి ఒళ్లంతా తిరుగుతోంది. అందుకే పెదాలు నలుపు. గండికి మాటు వేయాలి, ఆ నోరు వెడల్పు చేయాలి. పెద్ద ఊళ్లో చేస్తారు. రెండు నెలల్లో పిలుస్తారు."

"రెండు నెలలు..." అని తల్లి యొడిలో నిద్రించుచున్న పిల్ల గోళ్లను తన బొటనవ్రేలితో రుద్దుచుండెను, ఆ నలుపు తుడిచిన బోవునేమో యన్నట్లు.

"ఈ లోపల జాగ్రత్త. బాగా ఏడ్చినా, దాహమేసినా ఆ సన్నదారి ఇంకా బిగుసుకుంటుంది. ఒక్కసారిగా నల్లబడి సొమ్మసిల్లుతుంది. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా మోకాళ్లు మడిచి రొమ్ముకి నొక్కిపట్టుకో. గొంతుక్కూర్చున్నట్టు. ఎవరేమన్నా వదలొద్దు. పట్టుకుని ఆసుపత్రికి రా."

అనంతలక్ష్మి గోళ్లు రుద్దుట మానెను. "గొంతుక్కూర్చోవడం... మంచిదాండీ?"

"ఎవరూ చెప్పకుండానే నీ పిల్ల కనిపెట్టుకున్న మందమ్మా అది."

గోగుపుల్ల యా తల్లి కన్నులయెదుట మెదలెను. ఎందుకండీ యని యడుగబోవునంతలో నాసుపత్రి నర్సమ్మ తలుపుకడనుండి యెవరినో యత్యవసరముగా దెచ్చినారని కేకవేయుటచే డాక్టరమ్మ లేచి పోవుచు బోవుచు "కాళ్లకి పోయే దారి బిగిస్తే ఊపిరితిత్తుల దారి ఎక్కుతుందమ్మా," అనియొక్క మాట విసరిపోయెను. ఆ మాటను అనంతలక్ష్మి బస్సులో గూర్చుండి యిల్లు చేరువరకు నోటిలో త్రిప్పుకొనుచునే యుండెను. కాళ్లదారి కాళ్లదియే, ఊపిరిదారి ఊపిరిదియే. ఒకటి బిగించిన రెండవది యేల యెక్కును? ఎంత తలచినను బోధపడదయ్యెను.

ఇంటికడ మాణిక్యము సంగతియంతయు విని మూతి విరిచెను.

"గొంతుక్కూచోబెట్టమందా? ఆవిడెన్ని పురుళ్లు చూసిందే? నా కాళ్లమీద పెరిగినోళ్లు రెండొందల మంది. అందులో ఒక్కడికి వంకరకాళ్లు ఉన్నాయేమో చూపించు, ఈ చేతులతో ఇంకెవరికీ నీళ్లు పోస్తే ఒట్టు."

"కాళ్లు కాదత్తా. గుండె."

"గుండె గాల్లో ఉందేంటే? ఒళ్లు చాస్తేనే గుండె విచ్చుకుంటుంది. మడిస్తే విచ్చుకుంటుందా? ఏదీ, ఎందుకు మడవాలో చెప్పు నాకు. మేనత్తనే గదా, నాకూ తెలియనీ."

అనంతలక్ష్మికి ఆజ్ఞ తెలియును, కారణము తెలియదు. కారణము తెలియనివాని మాట యింటిలో నెవరు విందురు? ఆమె భర్తవంక జూచెను. అతడు తల్లివంకను భార్యవంకను మార్చి మార్చి చూచి "ఇద్దరూ అరవకండి, పిల్ల ఏడుస్తుంది," అని మాత్రము చెప్పి గట్టుమీదికి బోయెను.

నాటినుండి యా తల్లి బ్రతుకు కాపలాయే యయ్యెను. తెల్లవారినతోడనే మొట్టమొదట పిల్ల గోళ్లు చూచును. నీళ్లగ్లాసు చేతనుండగనే తిరుగును. వ్రాసియిచ్చిన మందు పూటపూటకు వేసి సీసాను వెలుతురునకెత్తి కొలత చూచును. అడిగినదెల్ల యిచ్చును, ఏడ్పు రానీయదు. మాణిక్యము నీళ్లు కాచినదనిన నూతికడ తానును బోయి నిలుచుండి "చాలత్తా, సాగదీయకు" అని యొకటికి పదిసారు లనును. అత్త కోడలిపై నలిగి రెండుదినములు మాటలు మానెను. మూడవ దినమున "నా మనవరాల్ని నేను చంపేస్తానా?" యని కొంగు నోట గ్రుక్కుకొని యేడ్చెను. ఆ యేడ్పు చూచి అనంతలక్ష్మియు నేడ్చెను. అయినను నూతికడకు బోవుట మానలేదు.

ఇట్లు మూడువారములు గడచెను.

అప్పటికి కాలువలో నీరు మరింత తగ్గినందున అధికారులు వంతులు పెట్టిరి. నాలుగుదినములు పెద్దకాలువ దిగువవారికి, మూడుదినములు పిల్లకాలువ శివారువారికి. వంతు మారుట మధ్యాహ్నము పండ్రెండుగంటలకు. తొలిసారి వంతు మారు నాడు శివారు రైతులు పదునైదుగురు సైకిళ్లపై వచ్చి లాకుగట్టునిండ నిలిచి పండ్రెండెప్పుడగునాయని గడియారములు చూచుకొనుచుండిరి. వారి చేలు నెరదీసి పదిదినములయ్యెను. నేడు నీరెక్కనిచో పొట్టలోని గింజ తాలగును. వీరభద్రము షట్టరుచక్రముకడ నిలిచి వేళకై చూచుచుండెను. మాణిక్యము తుమ్మనీడను గూర్చుండి యుండెను. ఆమెచెంత రాతిమెట్టుపై తాయారు తండ్రి యల్లియిచ్చిన కొబ్బరాకుపడవను నీటిలో వదలి తాటినారతో బట్టుకొని యాడుకొనుచుండెను. అనంతలక్ష్మి యెండను బడివచ్చినవారికి బిందెతో మంచినీళ్లు తెచ్చి యిచ్చుచుండెను.

"ఏవండీ లస్కరుగారూ," అనెను రైతులలో పెద్దవాడగు నూకరాజు తలగుడ్డ విప్పి విసరుకొనుచు, "మీ షట్టరు దిగేలోపు మా వరి పండి, కోసి, దంచి, అన్నం వండుకుని తినేయొచ్చండి."

"తినేటప్పుడు నన్నూ పిలవండి బాబూ. అప్పటిదాకా చక్రం మీద చెయ్యెయ్యకండి," అనెను వీరభద్రము. అందరును నవ్విరి.

పండ్రెండయ్యెను. వీరభద్రము చక్రము త్రిప్ప నారంభించెను. తుప్పుపట్టిన యినుము మూలుగుచు మొదటి షట్టరు దిగెను, రెండవది దిగెను, మూడవది దిగుచుండగా మిగిలిన సందులో నీరు వేగముగా జొచ్చి యీడ్చుటచే తాయారు చేతనున్న నార తెగి కొబ్బరాకుపడవ సుడి తిరిగి షట్టరు క్రిందికి బోయి కనబడదయ్యెను.

"నా పడవ! నాన్నా, నా పడవా!"

ఏడ్పు మొదలయ్యెను. ఎండ, దాహము, కేకలు. ఆ చిన్నయెడదలోని సన్నదారి బిగిసెను. అనంతలక్ష్మి గట్టు కావలికొసనుండి చూచునప్పటికి తాయారు నోరు తెరచియున్నది గాని శబ్దము లేదు. రొమ్ము వడివడిగా నెగసిపడుచుండెను. పెదవులనుండి నలుపు బుగ్గలకు, బుగ్గలనుండి నుదుటికి బ్రాకెను. కన్నులు తేలవేసి పిల్ల మెట్టుమీద నొరిగిపోయెను.

అనంతలక్ష్మి బిందె జారవిడిచి పరుగెత్తెను. ఆమెకన్న ముందే మాణిక్యము మనుమరాలిని జేతులలోని కెత్తుకొని యలవాటు చొప్పున నేలమీద జతికిలబడి కాళ్లు బారజాచి పిల్లను బిక్కలమీద వెల్లకిల బరుండబెట్టి యొక చేత భుజమును ఒక చేత మడమను బట్టి బలముకొలది తిన్నగా సాగదీయుచు "తాయారూ, నా తల్లీ, ఊపిరి పీల్చవే!" యని యాక్రోశించుచుండెను. సాగిన కొలది పిల్ల నల్లబడుచుండెను. రైతులు చుట్టు మూగి "గాలి తగలనీండి, తిన్నగా పడుకోబెట్టండి, అలాగే, అలాగే" యని యరచుచుండిరి.

సరిగా నాక్షణముననే అనంతలక్ష్మి కన్ను కాలువమీద బడెను. మూడుషట్టర్లు దిగిన పెద్దకాలువ ముందునకు బోవ దారిలేక వెనుకకు దన్ని యుబ్బి మెట్టు తరువాత మెట్టు మ్రింగుచు నెడమకు దిరిగి, ఇన్నిదినములు చుక్కయు నెక్కని పిల్లకాలువ యిరుకునోటిలోనికి బూడికను ద్రోసికొని గలగలమనుచు నెక్కుచుండెను. ఏండ్లతరబడి యామె చూచిన దృశ్యమే యది. నే డది డాక్టరమ్మ విసరిపోయిన మాటకు బొమ్మయై నిలిచెను. కాళ్ల వైపునకు బోవు పెద్దదారి బిగిసినగాని యూపిరివైపు సన్నదారి యెక్కదు. సాగదీసిన కాళ్లు, తెరచిన షట్టర్లు!

"అత్తా, వదిలెయ్! సాగదీయకు! షట్టరు దించాలత్తా, షట్టరు!"

"నీకు మతిపోయిందే! పిల్ల పోతుంటే షట్టరంటావేంటే!"

"కాళ్లు మడిస్తే పెద్దకాలవ కట్టేసినట్టు! అప్పుడే పిల్లకాలవెక్కుద్ది! ఊపిరికెక్కుద్దత్తా! చూడు, అటు చూడు!"

మాణిక్యము చూడలేదు, చేతులు బిగించెను. రైతుల కర్థము కాలేదు. కాని చక్రముపై రెండుచేతులుంచి నిలిచిన యొక్కనికి మాత్రము, పండ్రెండేండ్లుగా దిగువ మూసి యెగువ కెక్కించుటయే వృత్తిగా గలవానికి మాత్రము, భార్య పలికిన యా మాట పిడుగువలె దాకెను. అతడు మునుపెన్నడు తల్లిపై నెత్తని గొంతెత్తి యరచెను:

"అమ్మా! ఇచ్చెయ్యే పిల్లని! అది చెప్పిందే నిజం!"

ఆ కేకకు మాణిక్యము చేతులు సడలెను. అనంతలక్ష్మి పిల్లను లాగికొని మోకాళ్లు రెండును మడిచి రొమ్మునకు హత్తి తన రొమ్మునకు బిగియార జేర్చుకొని యట్లే కూలబడెను. పిల్ల తొడలు పొట్టకు నొక్కుకొనునట్లు రెండుచేతులతో బెనవేసి చెవికడ నోరుంచి "ఏం లేదమ్మా, ఏం లేదు, కూర్చో, ఎంతసేపైనా కూర్చో, అమ్మ కొట్టదు, ఇంకెప్పుడూ కొట్టదు" అని గొణుగుచుండెను. తన గుండెచప్పుడు దనకే చెవులు చిల్లులు వోవునట్లు వినబడుచుండెను; పిల్లది వినబడదయ్యెను. ఒక యూపిరి. రెండు. నూకరాజు తలగుడ్డను రెండుచేతులతో బరచి పిల్లపై నీడపట్టి నిలిచెను. పది. పండ్రెండు. తల్లి చీరకుచ్చెళ్లలో నేదియో వెచ్చనై తడిసెను. అది పిల్ల మూత్రమని తెలిసి బ్రతికియున్నదని యామె గ్రహించెను. ఇరువది. ముప్పది. పెదవుల నలుపు మొదట నంచున, పిదప నడుమను, చెప్పియుచెప్పని మార్పుగా, తరుగ నారంభించెను.

"మంచినీళ్లు," అనెను తాయారు, సన్నగా.

మాణిక్యము చాచిన కాళ్లు ముడుచుకొనక, ఖాళీయైన చేతులు రెండును ఒడిలో వెల్లకిల బెట్టుకొని, వానిని దనవి కానట్లు చూచుచుండెను.

నాలుగవ షట్టరు దిగక మిగిలియుండెను. వీరభద్రము చక్రమువైపు జూచి పిల్లవైపు జూచి నిలిచిపోగా నూకరాజు తలగుడ్డను మరియొకని చేత బెట్టి "మీరు ఆసుపత్రికి పోండి బాబూ," అనెను. "చక్రం మేం తిప్పుతాం. ఎంతవరకో చెప్పి పోండి. ఎక్కువ తిప్పితే ఒట్టు."

ఊరిలోని యాటోలో పట్టణము చేరువరకు ముప్పాతికగంట సేపు అనంతలక్ష్మి చేతుల బిగువు సడలింపలేదు. డాక్టరు సుభాషిణి పిల్లను జూచి తల్లిచేతులను జూచి మారుమాట లేక పెద్దయూరికి ఫోను చేసెను. పిలుపు రెండునెలలనుండి మూడువారములకు ముందుకు జరిగెను. అంతవరకు దాయారు నాసుపత్రిలోనే యుంచిరి.

చైత్రము కడపట కాలువలు కట్టివేసిన వారముననే యాపరేషను జరిగెను. ఏటేట నా దినములలో షట్టర్లన్నియు దింపి కాలువ నెండగట్టి పూడిక తీసి గండ్లు పూడ్చుట యాచారము. పెద్దయూరి డాక్టర్లును అట్లే యా చిన్నిగుండె కొట్టుకొనుటను నిలిపి దాని పనిని యంత్రమున కప్పగించి గోడకు మాటువేసి యిరుకునోరు విప్పుదురని విని అనంతలక్ష్మి తలుపువెలుపల నైదుగంటలు నిలిచియే యుండెను. వీరభద్రము కూర్చుండుమనినను కూర్చుండలేదు. "కాలవ ఎండిపోయాక మళ్లీ నీళ్లు రాకపోతే?" యని యొక్కసారి మాత్రమడిగెను. "ఎప్పుడు రాలేదూ?" యని యతడు బలికెను. పలుకుచునే కన్నులు తుడుచుకొనెను. అయిదుగంటలు దాటిన పిమ్మట తలుపు తెరచి బయటకు వచ్చిన నర్సమ్మ మొదట నవ్వి పిదప మాటలాడెను.

మాణిక్యము నేటికిని నాలుగూళ్ల బిడ్డలకు నీళ్లు పోయుచునే యున్నది. అయితే నూనెగిన్నె తాకకమునుపు బిడ్డ పెదవులను గోళ్లను వెలుతురునకు ద్రిప్పి చూచును. ఎందుకమ్మాయని యడిగినవారితో "నీ పనేదో నువ్వు చూసుకో" యనును. మొన్నటివారమున నెవరో పసిగుడ్డును దెచ్చియీయగా దీర్ఘముగా జూచి, నీళ్లు పోయక, "ముందు ఆసుపత్రికి తీసుకుపో" యని తల్లిచేతిలో దిరిగి పెట్టినదట.

జ్యేష్ఠమాసమున పైనుండి నీరు వదలిరి. తొలినీరు ఎర్రనై నురుగుకట్టి యెండిన కాలువగర్భమున జరజర బ్రాకుచు లాకును జేరిన యుదయమున అనంతలక్ష్మి బియ్యము కడిగిన గిన్నెతో గట్టుమీదికి వచ్చి చూచునప్పటికి తాయారు లాకు మెట్టుపై మోకాళ్లు రొమ్మునకు హత్తుకొని గొంతుకూర్చుండి యుండెను. గిన్నె చేతినుండి జారి మెట్లమీద మ్రోగుచు దొరలెను.

"తాయారూ! ఆయాసంగా ఉందా తల్లీ? ఎందుకే కూర్చున్నావు?"

పిల్ల తలయెత్తి చూచెను. పెదవులు దానిమ్మగింజలవలె నుండెను. వ్రేలు నోటికడ నుంచుకొని కసరెను:

"అబ్బా, అరవకే అమ్మా! చేపపిల్ల పారిపోయింది చూడు."

అని లేచి, పాఱిన చేపపిల్లను దరుముచు మెట్టునుండి గట్టునకును గట్టునుండి షట్టర్ల వంతెనమీదికిని పరుగెత్తెను. పది యడుగులు గడచెను, ఇరువది గడచెను, పిల్ల యెక్కడను నిలువలేదు. తల్లి యొకచేయి తన యెదపై నుంచుకొని నిలిచి యుండెను. అరచేతిక్రింద తలుపులు తెరచుకొనుచు మూసికొనుచు నుండెను. క్రింద పిల్లకాలువ పూడికతీసిన నోటిలోనికి నూతనజల మెక్కి శివారువైపునకు సాగుచుండెను.